అమ్మమ్మ ఏడు రాళ్ల దిద్దులు విప్పించి కొత్త నగ చేయించాలి, ఏ సెట్టింగ్ మంచిది?

ప్రశ్న: “అమ్మమ్మగారి ఏడు రాళ్ల వజ్రాల దిద్దులు నాకు వచ్చాయి. పాత క్లోజ్డ్ సెట్టింగ్, రాళ్ల వెనక వైపు బంగారంతో మూసి ఉంది. ఒక రాయి నల్లబడినట్టు కనిపిస్తోంది. వీటిని విప్పించి ఇద్దరు కూతుళ్లకి చెరో ఏడు రాళ్లు పంచుదామనుకుంటున్నాను. పెద్దమ్మాయి డాలస్‌లో నర్సు, చిన్నమ్మాయి విజయవాడలో బ్యాంకులో చేస్తోంది. మూడు షాపులు తిరిగాను. ఒకరు ప్రాంగ్ అన్నారు, ఒకరు పావే అన్నారు. ఇంకొకరు పాత రాళ్లు తమకిచ్చేసి, కొత్త ప్రెషర్ సెట్టింగ్ ఉంగరాలు తీసుకోమన్నారు. ఎవరి మాట వినాలి?”

జవాబు:

అమ్మా, మూడో షాపు వాళ్ల మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మిగతా ఇద్దరూ తప్పు చెప్పలేదు కానీ, రాళ్ల వెనక వైపు చూడకుండా చెప్పారు. క్లోజ్డ్ సెట్టింగ్‌లో ఉన్న రాయి అడుగు ఎలా ఉందో విప్పితే తప్ప ఎవరికీ తెలియదు. ఏ సెట్టింగ్ అన్నది ఆ అడుగును బట్టీ, నగ ఎవరి ఒంటి మీద తిరుగుతుందన్న దాన్ని బట్టీ తేలాలి. షాపు అద్దాల పెట్టెలో ఏది తళతళలాడుతోందన్న దాన్ని బట్టి కాదు.

నేను రాళ్లు పొదిగే పనిలో 30 ఏళ్లు దాటాను. ప్రొద్దుటూరులో ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాను, తర్వాత హైదరాబాద్ వచ్చేశాను. ఇప్పుడు చూపు తగ్గింది. మైక్రోస్కోప్ కింద కుర్రాళ్లు చేస్తుంటే నేను సరిచూస్తున్నాను.

పనిలో చేరిన రెండో ఏడు మార్క్వీజ్ రాయి ఒకటి నా చేతికిచ్చారు. కంటి ఆకారంలో, రెండు చివరలూ కోసుగా ఉండే రాయి అది. కొస మీద లోహాన్ని కాస్త గట్టిగా నొక్కాను. టిక్కుమంది. కొస ఎగిరిపోయింది. వజ్రం పగలడమేంటని నోరు తెరిచి చూస్తుంటే మా మేస్త్రీ ఒక్క మాటా అనలేదు, ఆర్నెల్ల పాటు నా జీతంలో పట్టుకున్నాడు. ఆ ఆర్నెల్లలో నాకు బాగా తెలిసొచ్చింది, గీత పడకపోవడం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు అని. మోస్ స్కేలు మీద వజ్రం గట్టిదనం 10, దాన్ని ఇంకో వజ్రం తప్ప ఏదీ గీయలేదు. కానీ దాని లోపల నాలుగు వాలుల్లో చీలిక దారులున్నాయి. కట్టె నార వెంట చీలినట్టు, ఆ వాలులో దెబ్బ పడితే చీలుతుంది. పూర్వం పెద్ద రాళ్లను రెండుగా చేసేవాళ్లు ఈ గుణాన్నే వాడుకునేవాళ్లు. అందుకే సెట్టింగ్ అంటే మీకు డిజైన్ గుర్తొస్తుంది, మాకు ముందు కాపలా గుర్తొస్తుంది.

ఇక మీ దిద్దుల సంగతి. వజ్రం నల్లబడదు. నల్లబడింది దాని వెనక ఉన్న రేకు. పాత క్లోజ్డ్ సెట్టింగ్‌లో బంగారు గూడు అడుగున లక్కో మైనమో నింపి, దాని మీద పలచని మెరుపు రేకు పరిచి, రేకు మీద రాయిని కూర్చోబెట్టి, చుట్టూ బంగారాన్ని లోపలికి వత్తేవాళ్లు. అంచు ఎక్కడో కాస్త వదులై, తలస్నానం నీళ్లో చెమటో లోపలికి దిగితే రేకు చెడిపోతుంది. పైనుంచి చూస్తే రాయే మసకబారినట్టు ఉంటుంది. కాబట్టి టెన్షన్ పడకండి. రాయి పాడవలేదు, ఇల్లు పాడైంది.

అసలు రేకు ఎందుకు వేశారు? ఇది తెలిస్తే మీ సగం సందేహాలు తీరిపోతాయి.

షాపుల్లో తరచూ చెప్పే మాట ఒకటుంది: ఓపెన్ సెట్టింగ్ అయితే వెనక నుంచి వెలుతురు వచ్చి రాయి మెరుస్తుందని. బాగా కోసిన గుండ్రటి బ్రిలియంట్ రాయి విషయంలో ఇది నిజం కాదు. వజ్రంలోకి పై నుంచి దిగిన వెలుతురు అడుగున ఉన్న వాలు ముఖాలకు తగిలి, అద్దం మీద పడ్డట్టు వెనక్కి తిరిగి, మళ్లీ పై నుంచే బయటికి రావాలి. వజ్రం వక్రీభవన గుణకం 2.42. అంటే ముఖానికి నిలువుగా గీసిన గీత నుంచి 24.4 డిగ్రీలు దాటిన వాలులో వచ్చి తగిలిన వెలుతురు బయటికి పోలేదు, లోపలికే తిరుగుతుంది. ఏ ముఖం ఏ వాలులో ఉంటే ఎక్కువ వెలుతురు పైకి తిరుగుతుందో 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్క కట్టి చూపించాడు. ఇప్పటి 57 ముఖాల బ్రిలియంట్ కట్ ఆ లెక్క మీదే నడుస్తోంది. అలాంటి రాయికి వెనక రేకూ అక్కర్లేదు, వెనక నుంచి వెలుతురూ అక్కర్లేదు.

మరి ఓపెన్ సెట్టింగ్ దేనికి? కడగడానికి. నిజంగా అంతే. వజ్రానికి జిడ్డంటే మహా ఇష్టం. దక్షిణాఫ్రికా గనుల్లో కొవ్వు పూసిన బల్లల మీదుగా కంకర, నీళ్లు పారించేవాళ్లు. మామూలు రాళ్లు నీళ్లతో కొట్టుకుపోతే వజ్రాలు మాత్రం ఆ జిడ్డుకు అతుక్కుని ఉండిపోయేవి. మీ ముఖానికి రాసుకునే క్రీము, తలనూనె, వంటింటి జిడ్డు కూడా అలాగే రాయి అడుగున పట్టేస్తాయి. అడుగు ముఖాల మీద జిడ్డు పట్టిందంటే వెలుతురు తిరగాల్సిన చోట తిరగదు, బయటికి కారిపోతుంది. వెనక తెరిచి ఉంటే బ్రష్ పెట్టి కడుక్కోవచ్చు, మూసి ఉంటే ఏమీ చేయలేం.

పాత రాళ్లకు ఈ వాలులు ఉండవు. కొన్ని బల్లపరుపుగా ఉంటాయి. వెలుతురు పై నుంచి దిగి, అడుగు నుంచి తిన్నగా పోతుంది. దాన్ని ఆపి వెనక్కి పంపడానికే రేకు. అదే అన్‌కట్, పోల్కీ నగల, అంటే పెద్దగా ముఖాలు కోయని రాళ్ల నగల కిటుకు. కుందన్ పనిలో శుద్ధమైన బంగారాన్ని పలచటి పట్టీలుగా చేసి, వేడి లేకుండా, ఒత్తిడితోనే రాయి చుట్టూ కూరుతారు. ఆ పని వేగంగా చేయమని అడగకూడదు.

రాతిని ఇలా పలచగా, వెడల్పుగా ఉంచడం చేతకానితనం కాదు, మన రుచి. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడే దాకా ప్రపంచానికి వజ్రాలంటే ప్రధానంగా మన దేశానివే, అందులో కృష్ణా తీరంలోని కొల్లూరు గని పేరు మోసింది. అక్కడే దొరికిందని చెప్పుకునే కోహినూర్ ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పటికి 186 క్యారెట్లు. మెరుపు చాలట్లేదని 1852లో లండన్‌లో మళ్లీ సాన పట్టించారు, 105.6 క్యారెట్లు మిగిలింది. మనవాళ్లు బరువును కాపాడారు, వాళ్లు వెలుతురు కోసం బరువును వదులుకున్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ రాళ్లు విప్పాక “ఇవి పాత కట్టింగు, మళ్లీ కట్ చేయిద్దాం” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చిన్న రాళ్లను తిరిగి కోయిస్తే బరువు పోతుంది, చేతికి వచ్చేది అంతకంటే చిన్న రాయి. ఖర్చు వేరే. వద్దనండి.

విప్పే రోజు మీరు దగ్గరుండండి. ముందు దిద్దుల ముందూ వెనకా ఫోటోలు తీసుకోండి. మొత్తం బరువు తూయించి రాసుకోండి. రాళ్లు ఊడదీశాక లెక్కపెట్టి, కడిగించి, మీ కళ్ల ముందే క్యారెట్ కాటాలో తూయించండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, దాన్ని 100 సెంట్లుగా లెక్కేస్తారు. బ్రిలియంట్ రాయి అయితే అడ్డం కొలతను బట్టి బరువు దాదాపు చెప్పొచ్చు: 1.3 మిల్లీమీటర్లుంటే సుమారు ఒక సెంటు, 3 మిల్లీమీటర్లుంటే 10 సెంట్ల పైన, 4.1 ఉంటే పావు క్యారెట్, 6.5 ఉంటే ఒక క్యారెట్. మీ పాత రాళ్లకు ఈ లెక్క సరిపోదు. పలచగా ఉంటే బరువు తక్కువ తూగుతుంది, లోతుగా ఉంటే ఎక్కువ. “అమ్మమ్మ రెండు క్యారెట్లు అనేది” అని మీరనుకుని, తీరా 1.30 తూగితే షాపువాణ్ణి అనుమానించకండి. మూసిన గూట్లో ఉన్న రాయి బరువు అమ్మమ్మకు చెప్పినవాడు కూడా అంచనాగానే చెప్పి ఉంటాడు.

ఇంకో చేదు మాట కూడా ముందే చెప్పేస్తాను. పద్నాలుగింటిలో ఒకటో రెండో వజ్రాలు కాకపోవచ్చు. ఎప్పుడో రాయి పడిపోతే తెల్ల నీలమో (వైట్ సఫైర్) గాజో పెట్టించి ఉండొచ్చు. అలాంటివి నేను చాలాసార్లు చూశాను. ఇంట్లో ఎవరికీ తెలిసి ఉండదు, తెలిసినావిడ చెప్పకుండానే పోయి ఉంటుంది. టెస్టర్ పెన్నుతో పద్నాలుగూ పరీక్షించమనండి, ఐదు నిమిషాల పని. రాళ్లు విడిగా ఉన్నప్పుడే అంచుల్లో పెచ్చులు లేచాయేమో 10 రెట్ల భూతద్దంలో చూడాలి. అంచు అంటే రాయి నడుము. అన్ని సెట్టింగులూ పట్టుకునేది ఆ నడుము దగ్గరే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం.

ప్రాంగ్ అంటే రాయిని పట్టుకునే లోహపు గోరు. నాలుగు ఉండొచ్చు, ఆరు ఉండొచ్చు. న్యూయార్క్‌లో టిఫనీ కంపెనీ 1886లో ఆరు గోళ్లతో రాయిని ఉంగరం మీదికి ఎత్తి చూపించింది, ఇవాళ సాలిటేర్ అనగానే అందరికీ గుర్తొచ్చే రూపం అదే. రాయి ఎక్కువగా కనపడుతుంది, లోహం తక్కువ పడుతుంది, కడగడం సులువు, బాగు చేయడం ఇంకా సులువు. లోపం కూడా ఆ గోరులోనే ఉంది. పల్లూకి తగులుతుంది, జుట్టుకి తగులుతుంది, ఏళ్ల తరబడి రాపిడికి అరుగుతుంది. నాలుగు గోళ్లలో ఒకటి పోతే రాయి పోయినట్టే లెక్క. ఆరులో ఒకటి పోతే మీకు తెలిసేదాకా మిగతా ఐదు సాధారణంగా ఆపుతాయి.

మంచి ప్రాంగ్ పని గుర్తుపట్టడం ఎలా? గోరు లోపలి వైపు చిన్న గాడి కోస్తాం, రాయి నడుము అందులో కూర్చుంటుంది. ఆ గాడి గోరు మందంలో సగం దాటకూడదు. దాటితే పైకి బాగానే కనిపిస్తుంది, ఏడాదికల్లా విరుగుతుంది. గోరు కొస రాయి వాలు మీద పూర్తిగా ఆని ఉండాలి, మధ్యలో సందు కనపడకూడదు. పక్కనుంచి చూడండి, రాయి తలం ఒక పక్కకు వాలి ఉంటే గాడులు ఒకే ఎత్తులో కోయలేదన్నమాట. ఒక దూది ఉండ తీసుకుని నగ మీద మెల్లగా రుద్దండి. పోగు పట్టుకున్న చోట గోరు లేచి ఉంది. చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టండి. లోపల టకటకమని చిన్న చప్పుడొస్తే రాయి కదులుతోంది. డబ్బు కట్టే ముందు ఈ పరీక్షలు చేస్తే షాపువాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నిజమైన పనివాడు సంతోషిస్తాడు.

కోసు ఉన్న రాళ్లకు, అంటే ప్రిన్సెస్ (చతురస్రం), పేర్ (నీటి బొట్టు ఆకారం), మార్క్వీజ్‌లకు, కొస మీద మడత పెట్టినట్టుండే వి ఆకారపు ప్రాంగ్ ఉండాలి. నా ఆర్నెల్ల జీతం మింగిన కొస అది.

బెజెల్ అంటే రాయి చుట్టూ పూర్తిగా లోహపు గోడ. మన పాత గూడు సెట్టింగ్‌కి ఇది చెల్లెలే, కాకపోతే అడుగు తెరిచి ఉంటుంది. షాపులో అడిగేటప్పుడు “బెజెల్, కానీ వెనక ఓపెన్” అని రెండు మాటలూ చెప్పండి. ఒక్క మాటే చెబితే పని సులువవుతుందని వెనక మూసేసే వాళ్లున్నారు. బెజెల్‌లో తగులుకునేది ఏదీ ఉండదు. నడుము మొత్తం దాగుతుంది కాబట్టి అంచున చిన్న పెచ్చు లేచిన పాత రాళ్లకు ఇంతకు మించిన సెట్టింగ్ లేదు. ప్రాంగ్‌లో పెడితే రాయి కాస్త పెద్దగా, విడిగా కనపడుతుంది, బెజెల్‌లో కాస్త అణిగి కనపడుతుంది. పసుపు బంగారం గోడ అయితే రాయిలోకి ఆ ఛాయ కొంచెం దిగుతుంది. పాత రాళ్లలో తరచూ కొంచెం పసుపు జీర ఉంటుంది కాబట్టి అది కలిసిపోతుంది. అదే రాయిని తెల్ల బంగారంలో పెడితే జీర ఇంకా బయటపడుతుంది. కొత్త తెల్లటి రాళ్లకు మాత్రం ఉంగరం పసుపు బంగారమైనా, రాయిని పట్టుకునే చోట తెల్ల లోహం వేయిస్తారు.

పావే అంటే బాట పరిచినట్టు చిన్న చిన్న రాళ్లను ఒకదాని పక్కన ఒకటి కూర్చడం. లోహంలోంచే చిన్న గింజల్లాంటివి లేపి, వాటితో రాళ్లను పట్టిస్తాం. కొత్తగా చేస్తే కళ్లు చెదురుతాయి. రాళ్లు ఒకే కొలతలో ఉండాలన్నది మొదటి షరతు. సూరత్‌లో జల్లెడ పట్టి సైజుల వారీగా ఇచ్చే రాళ్లకు అది సరిపోతుంది. మీ అమ్మమ్మ రాళ్లు ఒక్కోటి ఒక్కో లోతులో ఉంటాయి. రెండో షాపు వాళ్లు పావే అన్నారంటే బహుశా మీ రాళ్లు మధ్యలో పెట్టి, చుట్టూ తమ రాళ్లు చేర్చాలని ఉద్దేశం కావచ్చు. తప్పేం లేదు, కానీ అది ముందే చెప్పించుకోండి. పావే ఉంగరానికి ఇంకో చిక్కు ఉంది. వేలు లావెక్కితే ఉంగరం సాగదీయడం కష్టం. సాగితే గింజలు విడతాయి, రాళ్లు రాలతాయి. పెళ్లికి చేయించిన పావే ఉంగరం మొదటి కాన్పు తర్వాత పట్టట్లేదని తెచ్చేవాళ్లు మాకు నెలకొకరైనా ఉంటారు.

చానల్ సెట్టింగ్‌లో రెండు లోహపు గట్ల మధ్య రాళ్లు వరసగా కూర్చుంటాయి, గాజులకు బాగుంటుంది. ఫ్లష్ సెట్టింగ్‌లో లోహంలోనే గుంట తవ్వి రాయిని లోపలికి దించేస్తాం, పైన చెయ్యి రాస్తే రాయి ఉన్నట్టే తెలియదు. ఇన్విజిబుల్ అన్నది రాళ్ల అడుగున గాడి కోసి, కనపడని పట్టాల మీదికి జారించే పని. పారిస్‌లో వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ వాళ్లు 1933లో పేటెంట్ తీసుకున్నారు. చూడముచ్చటగా ఉంటుంది. ఒక రాయి కదిలిందంటే పక్కవి కూడా కదులుతాయి, బాగు చేసే పనివాడి కోసం వెతుక్కోవాలి. మీకు వద్దు.

ప్రెషర్ సెట్టింగ్ గురించి మాత్రం కాస్త విడమరచి చెప్పాలి, మిమ్మల్ని రాళ్లు ఇచ్చేయమన్నది దాని కోసమే కదా. ఏడో ఎనిమిదో చిన్న రాళ్లను మధ్యలో లోహం కనపడకుండా ఒకదానికొకటి ఆనించి బిగిస్తారు. మూడడుగుల దూరం నుంచి ఒకే పెద్ద వజ్రంలా కనిపిస్తుంది. ఇంకో రకంలో చిన్న రాయి చుట్టూ తెల్ల లోహానికి పదునైన ముఖాలు చెక్కుతారు, ఆ మెరుపు రాయిదేనని కన్ను పొరబడుతుంది. రెండూ మోసం కాదు, తక్కువ డబ్బులో నిండుగా కనపడే ఉపాయాలు. మోసం ఎక్కడ మొదలవుతుందంటే, “వన్ క్యారెట్ లుక్” అన్న మాటలో లుక్ నెమ్మదిగా మాయమైనప్పుడు. వజ్రానికి సైజు పెరిగే కొద్దీ క్యారెట్ రేటే పెరుగుతుంది. ఒక క్యారెట్ తూగే ఒక్క రాయికీ, ఏడు కలిపి ఒక క్యారెట్ తూగే రాళ్లకూ ధరలో పోలికే లేదు. బిల్లులో మొత్తం క్యారెట్ మాత్రమే కాకుండా రాళ్ల సంఖ్య కూడా రాయించుకోవాలని నేను అందరికీ చెప్పేది ఇందుకే. పైగా ఈ సెట్టింగ్‌లో ఒక రాయి వదులైతే మిగతావాటి బిగువూ తగ్గుతుంది. అమ్మమ్మ చెవికి అన్నేళ్లు అంటిపెట్టుకున్న రాళ్లిచ్చి, దీన్ని తెచ్చుకోవడం నా మనసుకు నచ్చదు.

మీ పెద్దమ్మాయికి ఉంగరం వద్దు. నర్సు చేతికి రోజంతా గ్లవ్స్ ఉంటాయి. ప్రాంగ్ ఉంగరం గ్లవ్స్‌ను చింపుతుంది, సానిటైజరూ సబ్బూ రాయి కిందికి చేరతాయి. డ్యూటీకి వెళ్లేటప్పుడు తీసి ఎక్కడో పెడుతుంది, అక్కడే మర్చిపోతుంది. ఉంగరాలు పోయేది ఎక్కువగా వేలి మీద నుంచి కాదు, సింకు గట్టు మీద నుంచి. ఆమెకు ఏడు రాళ్ల లాకెట్టు చేయించండి, ఒక్కో రాయికి విడి బెజెల్, వెనక ఓపెన్. గొలుసు దుస్తుల లోపలే ఉంటుంది, నిద్రలో కూడా తీయక్కర్లేదు. వేలికే కావాలని పట్టుబడితే ఒకటే రాయిని ఫ్లష్‌గా దించిన వెడల్పాటి బ్యాండ్ చేయించి, మిగతా ఆరూ దాచండి.

ఆకారం మార్చకండి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు అన్న ఆ పువ్వు ఊరికే పుట్టలేదు. ఒక రూపాయి బిళ్ల పెట్టి చుట్టూ అవే బిళ్లలు పేర్చి చూడండి. సరిగ్గా ఆరు పడతాయి, సందు ఉండదు, ఒకటి ఎక్కువా కాదు. ఒకే సైజు రాళ్లతో ఇంతకంటే గట్టిగా అల్లుకునే పువ్వు లేదు. మన పాత కంసాలులకు ఈ లెక్క చేతివేళ్లలో ఉండేది. దిద్దులో ఉన్న వరసలోనే లాకెట్టు చేస్తే అది అమ్మమ్మ దిద్దే, కాకపోతే మెడలో ఉంటుంది.

చిన్నమ్మాయికి ఉంగరం బాగుంటుంది. అదే ఏడు రాళ్ల పువ్వు, పక్కపక్క రాళ్లు ఒకే గోరును పంచుకునేలా ప్రాంగ్‌లో. ఎత్తు తగ్గించి చేయమనండి. నడుము పెచ్చు లేచిన రాళ్లు ఏవైనా బయటపడితే వాటిని లాకెట్టు వైపు పంపండి, బెజెల్ దాచుకుంటుంది. బాగున్నవి ఉంగరానికి. అక్కాచెల్లెళ్ల మధ్య తేడా వస్తుందనుకుంటే బరువు సరితూగేలా పంచండి, అది మీ ఇంటి లెక్క. రాళ్లు మరీ పలచగా, బల్లపరుపుగా తేలితే మాత్రం నేను చెప్పిందంతా రద్దు. వాటికి రేకే గతి. మళ్లీ క్లోజ్డ్ సెట్టింగ్‌లోనే, కొత్త రేకుతో, నీళ్లు దిగకుండా శుభ్రంగా చేయించి, రోజూ కాకుండా పండగలకు పెట్టుకోమనండి.

బంగారం 18 క్యారెట్లే వాడించండి. ఓపెన్ సెట్టింగ్‌కి 22 వద్దు. 22లో 91.6 శాతం బంగారమే కాబట్టి మెత్తగా ఉంటుంది, సన్నటి గోరు వంగిపోతుంది. 18లో 75 శాతం బంగారం, మిగతా పాతిక శాతం రాగి, వెండి లాంటివి కలిసి బిగువునిస్తాయి. “18 అంటే నాసిరకం” అని మన పెద్దవాళ్లకు ఒక అభిప్రాయం ఉంది. వజ్రాల నగకు అదే సరైన రకం. హాల్‌మార్క్ మీద 18కె750 అని, పక్కన అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఆ నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) ఉండాలి. కుందన్, పోల్కీ, జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్క్ నుంచి మినహాయింపు ఉంది. అందుకే అలాంటివి కొనేటప్పుడు బంగారం స్వచ్ఛత ఎంతో, లోపల లక్క బరువెంతో బిల్లులో రాయించుకోవాలి. లేదంటే లక్కకు బంగారం రేటు కడతాం. ఇవే ప్రశ్నలు మీ పాత దిద్దుల బంగారాన్ని షాపు తీసుకునేటప్పుడు అటునుంచి మీకు ఎదురవుతాయి. కరిగించి, శుద్ధి చూసి, ఆ లెక్కన ఇస్తామంటే న్యాయమే.

కొత్త నగ తూకంలో రాళ్ల బరువు తీసేశారో లేదో చూసుకోండి. లాకెట్టు మొత్తం 5.200 గ్రాములుండి, రాళ్లు ఒక క్యారెట్ అయితే బంగారం 5.000 గ్రాములే. తరుగు, మజూరీ ఆ 5 గ్రాముల మీదే పడాలి. రాళ్లు మీవే కాబట్టి పొదిగినందుకు కూలి మాత్రమే ఇస్తారు. ఒక్కో రాయికి ఎంత అని ముందే అడగండి. పొదిగేటప్పుడు రాయి పగిలితే ఎవరిది బాధ్యత అన్నది కూడా ముందే మాట్లాడుకోండి. చాలామందికి ఈ ప్రశ్న నోటికి రాదు, రాయి పగిలాక గొడవ పడతారు. మేం పాత రాళ్లు తీసుకునేటప్పుడు ఏ రాయికి ఎక్కడ పెచ్చు ఉందో కాగితం మీద గీసి ఇద్దరం సంతకం పెట్టుకుంటాం.

వాడకం సంగతి. ఓపెన్ సెట్టింగ్ నగను పది పదిహేను రోజులకోసారి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో వెనక వైపు రుద్దండి. కుంకుడు రసం కూడా మంచిదే, మా అమ్మ దానితోనే కడిగేది. సింకులో కాదు, గిన్నెలో కడగండి. ఆ నీళ్లు పారబోసే ముందు రాళ్లు లెక్కపెట్టండి. క్లోజ్డ్ సెట్టింగ్‌కీ, కుందన్‌కీ నీళ్లే తగలకూడదు, పొడి మెత్తటి గుడ్డ చాలు. ఏడాదికోసారి పనివాడికి చూపించి గోళ్లు బిగింపించండి. డాలస్‌లో కూడా ఏ నగల షాపైనా ఈ పని చేస్తుంది. బెజెల్ కాబట్టి మీ అమ్మాయికి ఆ అవసరం పెద్దగా రాదు.

సెట్టింగూ వద్దు, జాగ్రత్తలూ వద్దు అనుకుంటే ఏడో నిజాంలా చేయాలి. 184 క్యారెట్ల జాకబ్ వజ్రం తండ్రిగారి చెప్పు ముందుభాగంలో దొరికితే ఆయన దాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడట. ఇప్పుడు అది రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంది.

ఒకటి మర్చిపోయాను. దిద్దులు విప్పడానికి ఇచ్చేటప్పుడు వెనక సీలలు కూడా తూకంలో చేర్పించండి. పనివాడి బల్ల మీద ఎక్కువగా మర్చిపోయేవి అవే, అవీ బంగారమే.